జీపు ముక్కులో లప్పం

ఆ జీపు మళ్ళీ నా షెడ్డు గడప తొక్కుతుందని నేను అనుకోలేదు. తొక్కింది. పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే, వెనక చక్రాల దగ్గర గుర్రుమని శబ్దం చేసుకుంటూ వచ్చి సూర్యాపేటలో నా గేటు ముందు ఆగింది. అదే ఆకుపచ్చ రంగు, ముందుకు మడిచే అదే అద్దం. వయసులో నాకంటే పెద్దది. తోలుకొచ్చినతను మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటు కొడుకు. దిగి నవ్వి, "ఉస్తాద్, నువ్వు తప్ప దీన్ని ముట్టెటోడు మా దిక్కు లేడంటున్నరు" అన్నాడు.

అంటారు. ఎందుకంటారో నాకు తెలుసు. ముట్టేవాడు ఇంకొకాయన ఉండేవాడు. ఆయన్ని ఖతం చేసింది నేనే.

ఇది జాలి కోసం రాయడం లేదు. జాలిపడే మనుషులంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. ఎక్కడో ఒకచోట ఉన్నది ఉన్నట్టు పెట్టాలి, అందుకు రాస్తున్నాను.

మా ఉస్తాద్ మోతె దగ్గరి తండా మనిషి. ఇంట్లో తండా భాష, షెడ్డులో తెలుగు, తిట్టడానికి ఆ రెండూ చాలక ఉర్దూ. నేను ఐటీఐ చదివి, ఇరవై ఏళ్ళ వయసులో సర్టిఫికెట్ పట్టుకొని ఆయన దగ్గరికి పోతే, దాన్ని ముట్టుకోకుండా దూరం నుంచే చూసి, "మడిసి లోపల పెట్టుకో, గ్రీజంటుతది" అన్నాడు. అదే నా ఇంటర్వ్యూ. పాత జీపులంటే పేట నుంచి సాగర్ దాకా ఆయన పేరే చెప్పేవాళ్ళు. ఇంజను పని ఎవరైనా చేస్తారు. వెనక షాఫ్టుల బేరింగులు, గ్రీజు సీళ్ళు మార్చాలంటే మాత్రం పెన్‌పహాడ్ నుంచి ట్రాక్టరుకు కట్టి లాక్కొనైనా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు.

ఆ పనిలో అంత ఏముందంటారా? జీపు వెనక చక్రాన్ని తిప్పేది మణికట్టు లావు ఇనుప షాఫ్టు. అది బేరింగులో తిరుగుతుంది. బేరింగుకు గ్రీజు కావాలి. ఆ గ్రీజు పక్కనే ఉన్న బ్రేకు డ్రమ్ములోకి పోకుండా ఆపేది సీలు. చూడటానికి పెద్ద గాజులా ఉంటుంది, చుట్టూ ఇనుప అంచు, లోపల రబ్బరు. వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా గ్రీజు దాన్ని దాటుతుంది. బ్రేకు లైనర్లకు గ్రీజు అంటిందా, ఇక ఆ చక్రానికి బ్రేకు ఉన్నా లేనట్టే.

ఉస్తాద్ సీలును ఎప్పుడూ సుత్తితో నేరుగా కొట్టలేదు. తుమ్మకర్రతో ఆయనే చెక్కుకున్న గుండ్రటి దిమ్మె ఒకటుండేది. దాన్ని సీలు మీద పెట్టి నాలుగంటే నాలుగు చిన్న దెబ్బలు కొట్టేవాడు. ప్రతి దెబ్బ తర్వాతా కళ్ళు మూసుకొని వేలితో అంచు చుట్టూ తడిమేవాడు. ఎనిమిదేళ్ళు నన్ను సీలు ముట్టనివ్వలేదు. ఆ తర్వాత కూడా ట్రాక్టరు ట్రాలీల సీళ్ళు ఇచ్చాడు గానీ జీపు సీలు ఒక్కటీ ఇవ్వలేదు. లైటు పట్టుకోమనేవాడు. నాతో చదువుకున్నవాళ్ళు సొంత షెడ్లు పెట్టుకొని బోర్డుల మీద పేర్లు రాయించుకుంటుంటే, నెత్తి మీద వెంట్రుకలు తెల్లబడుతున్నా నేను ఈయనకు లైటు పడుతూ కూర్చున్నాను. కడుపు రగిలిపోయేది. ఆయనకు తెలియనియ్యలేదు.

ఆ జీపుల్లో బేరింగు గూటి దగ్గర అగ్గిపుల్ల దూరేంత రంధ్రం ఒకటుంటుంది. గ్రీజు ఎక్కువైతే సీలును తోసుకొని బ్రేకుల్లోకి పోకుండా అక్కడి నుంచి బయటికి వచ్చేస్తుంది. ఉస్తాద్ దాన్ని ముక్కు అనేవాడు. గ్రీజు గన్ను కొడుతూ చూపంతా దాని మీదే పెట్టేవాడు. చిటికెడు గ్రీజు అందులోంచి తొంగిచూడగానే "తుమ్మింది, బంద్" అని గన్ను కింద పెట్టేవాడు. బండి ఇంటికి పోయే ముందు డ్రైవరును పిలిచి ఆ ముక్కు చూపించి, అది తుమ్మితే ఆపాలని అప్పజెప్పేవాడు. అది చెప్పకుండా ఒక్క జీపునూ గేటు దాటనివ్వలేదు.

ఆరేళ్ళ కింద, శ్రావణం దగ్గర పడుతుండగా, మిర్యాలగూడ సేటు ఈ జీపు తెచ్చాడు. అది ఆయన తండ్రి తోలిన బండి. కొడుకు పెళ్ళి పెట్టుకున్నాడు. పెళ్ళికొడుకును తాత జీపులోనే ఊరేగించాలని ఆయన పట్టుదల. రెండు వైపులా బేరింగులు, సీళ్ళు ఉస్తాద్ తన చేతులతో మార్చాడు. నేను లైటు పట్టాను. ప్రతి దెబ్బా చూశాను. రెండు సీళ్ళూ చదునుగా, ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా కూర్చున్నాయి. ఈ మాట చెప్పగలిగే మనిషిని ఈ భూమ్మీద నేనొక్కణ్ణే.

జీపు పోయిన వారానికి ఉస్తాద్ తీజ్ పండుగకు తండాకు వెళ్ళాడు. తొమ్మిది రోజుల పండుగ, మనవరాళ్ళు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు, అది అయ్యేదాకా ఆయన కదలడు. ఆ రెండో రోజే సేటు జీపుతో సహా దిగాడు.

"గిదేం పని? కొత్త సీళ్ళేసినమంటిరి. మా ఇంటి ముంగట బండల మీద రోజు మరక పడుతున్నది. పెండ్లికొచ్చినోళ్ళు సూస్తే ఏమనుకుంటరు?"

"సేటూ, అది లీకేజీ కాదు. ఎక్కువైన గ్రీజు ముక్కులకెళ్ళి వస్తున్నది. నాలుగు రోజులైతే అదే ఆగుతది."

"మీ ఉస్తాదు గూడ గిదే సెప్పిండు. ఆయనకు వయసు మీద పడ్డది. నువ్వు సెప్పు, నీకు చేతనైతదా, కాదా? చేతనైతే చెయ్యి, ఉస్తాద్."

ఉస్తాద్. ఇరవై ఏళ్ళు దాటిన నా చాకిరిలో నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన. ఎందుకన్నాడో తెలుసు. పని చేయించుకోవడానికి అన్నాడు. వడ్లు అమ్ముకోవడానికి వచ్చిన రైతును కూడా అలాగే అన్నా, బావా అంటాడు. తెలిసి కూడా లోపల ఏదో చల్లగా దిగింది. సిగ్గులేని చల్లదనం.

తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు. ఆ ముక్కు ఎందుకుందో ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాడు ఒక్కడే, ఆయన తండాలో ఉన్నాడు. పక్క షెడ్డు పెయింటరు దగ్గర కారు సొట్టలు పూడ్చే లప్పం కొంచెం అడిగి తెచ్చాను. ఆరితే రాయి అవుతుంది. రెండు ముక్కులూ మూసి, గరుకు కాగితంతో రుద్ది, మీద ఆకుపచ్చ రంగు పూశాను. తర్వాత కనిపెట్టమంటే నేనే కనిపెట్టలేను, అంత నున్నగా చేశాను. మంచి పనిమంతుణ్ణి. పెళ్ళి కాగానే తెప్పించి తీసేద్దామనుకున్నాను. సేటు పొంగిపోయి నా భుజం తట్టి వెళ్ళాడు.

మా వైపు శుభకార్యానికి బండి తీస్తున్నారంటే ముందురోజు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కట్టి, గ్రీజు కొట్టడం డ్రైవర్లకు అలవాటు. మిల్లు డ్రైవరు బుద్ధిమంతుడు. ఉస్తాద్ అప్పజెప్పిన మాట గుర్తుపెట్టుకొని ముక్కు వైపే చూస్తూ గన్ను కొట్టాడు. తుమ్మలేదు. ఇంకా కొట్టాడు. తుమ్మలేదు. లోపల ఎండిపోయిందేమోనని చేతులు లాగేదాకా కొట్టాడు. అవతలి చక్రానికీ అంతే. ఆ గ్రీజంతా దారి లేక సీళ్ళను తోసుకొని బ్రేకుల్లోకి పోయింది. ఉస్తాద్ మాట విన్నందుకే ఆ మనిషి కాలు విరిగింది.

మర్నాడు పొద్దున బరాత్ సాగర్ కాలువ వంతెన ఎక్కి దిగుతుంటే డ్రైవరు బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలు పట్టాయి, వెనకవి రెండూ పట్టలేదు. జీపు నిండా జనం. బరువుకు బండి తోసుకుంటూ పోయింది. ఎదురుగా బ్యాండువాళ్ళు. వాళ్ళ మీదికి పోనియ్యకుండా డ్రైవరు పక్కకు తిప్పి ఒక గోదాము గోడకు గుద్దాడు. పెళ్ళికొడుక్కు నొసటి మీద చిన్న గాయం. డ్రైవరుకు తొడ ఎముక విరిగింది.

మధ్యాహ్నానికే జీపును లాక్కొచ్చి మా షెడ్డులో పడేశారు. ఫోను చేస్తే ఉస్తాద్ తండా నుంచి బయలుదేరాడు. ఆయన వచ్చేలోపల నేను జీపు కిందికి దూరి, మేకుతో పొడిచి, గీకి, లప్పం పిసరు కూడా మిగలకుండా తీసేశాను. రెండు రంధ్రాలూ గుడ్డతో తుడిచాను. చేతులు వణికింది నావి. ఆయనవి కాదు.

ఉస్తాద్ వచ్చాడు. పండుగ బట్టలు కూడా మార్చుకోలేదు. సేటు, ఆయన చుట్టాలు ఇద్దరు, చుట్టుపక్కల షెడ్ల మెకానిక్కులు, అందరూ గుమిగూడారు. డ్రమ్ము ఊడదీస్తే గ్రీజు ముద్దలు ముద్దలుగా కింద పడింది. సీలు ఒకపక్కకు ఒరిగి, రబ్బరు మడతపడి ఉంది. ఆయన దాన్ని వెలుతురులోకి పట్టుకొని చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"తమ్మీ, నేను లేనప్పుడు దీన్ని ఎవరన్న ముట్టిండ్రా?"

"లేదు ఉస్తాద్. ఎవరు ముట్టలే."

"ముక్కు సూసినవా?"

"సూసిన. మంచిగనే ఉన్నది."

నా మాట చాలక కాదు, అలవాటు కొద్దీ ఆయనే వంగి చూశాడు. తెరిచే ఉంది. లేచి నిలబడ్డాడు. గుంపులోంచి ఒకడు, "ముసలాయన సేతులు వణుకుతున్నయ్, గిసొంటి పని ఆయనకియ్యద్దు" అన్నాడు. ఇంకొకడు అవునన్నాడు. నిన్నటిదాకా జీపు సీళ్ళు చేతకాక ఆయన దగ్గరికి పంపినవాళ్ళే ఇద్దరూ. సేటు, "నా కొడుకు పానం మీదికి తెస్తివి గదా" అని అరిచాడు. గాలివాన వచ్చినా దానితోనే వాదం పెట్టుకునే ఉస్తాద్ ఆ రోజు, "నా తప్పే సేటూ" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు.

డ్రైవరును చూడటానికి మిర్యాలగూడ దవాఖానకు పోయాను. మంచం మీద పడుకొని, "అన్నా, ఎంత కొట్టినా అది తుమ్మలే" అన్నాడు. నేను ఆయన చెవి దగ్గరికి వంగి, "ఆ మాట ఎవ్వరికి సెప్పకు. గ్రీజు ఎక్కువ కొట్టినవని సేటు నీ మీదికే తెస్తడు, నౌకరి పోతది" అన్నాను. భయపడ్డాడు. నోరు మూసుకున్నాడు. ఆ పని కూడా నున్నగానే చేశాను.

తర్వాత ఉస్తాద్ కొన్నాళ్ళు షెడ్డుకు వచ్చాడు. సీలు చేతిలోకి తీసుకొని, తిప్పి తిప్పి చూసి, నా చేతికి ఇచ్చేవాడు. "నువ్వెయ్యి" అనేవాడు. ఇరవై ఏళ్ళు ఏ మాట కోసం ఎదురుచూశానో ఆ మాట. ఒక రోజు షెడ్డు తాళంచెవులు కూడా ఇచ్చి, కోదాడలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. జీపులన్నీ నా దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. సేటు తన మిల్లు బండ్లన్నీ నాకే పంపాడు. ఉస్తాద్ అని పిలిచే వాళ్ళకు కొదవ లేకుండా పోయింది.

పోయిన ఎండాకాలం ఆ జీపు మళ్ళీ వచ్చినప్పుడు రెండు రోజులు కూర్చొని బేరింగులు, సీళ్ళు మార్చాను. సేటు కొడుకు కుర్చీ వేసుకొని చూస్తూ కబుర్లు చెప్పాడు. వాళ్ళ నాయన పోయి రెండేళ్ళయిందట. "మా నాయిన సచ్చేదాక ఆ ముసలోన్ని తిట్టుకుంటనే పోయిండు. ఆ రోజు జర అయితే నేను పోతుంటి గదా ఉస్తాద్" అని నవ్వాడు. నేను కూడా నవ్వాను. నా నవ్వు నాకే వినిపించింది. చేతిలో ఉన్న పని ఆపి బయటికి పోయి నిలబడ్డాను. నా లోపల మాత్రం ఆ నవ్వు ఆగలేదు. మర్నాడు జీపును అప్పజెప్పి కోదాడ బస్సెక్కాను. ఆయన చెప్పుతో కొట్టినా సరే, ఆయన చేతులు ఆయనకు ఇచ్చేసి రావాలనుకున్నాను.

ఉస్తాద్ కూతురు విజయవాడ రోడ్డు పక్కన, లారీలు ఆగే చోట టిఫిన్ సెంటరు నడుపుతుంది. నన్ను చూడగానే చేయి తుడుచుకుంటూ వచ్చింది. "రండి అన్నయ్యా, కూర్చోండి. మా నాన్న మీ గురించి చెప్పని రోజు లేదండీ" అంది. కోదాడలో ఉండి ఉండి ఆమె మాట ఆంధ్ర వైపు తిరిగిపోయింది.

ఆయన లోపల పీట మీద కూర్చొని వెల్లుల్లి వలుస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. పక్కన నేను కూర్చోగానే, "బండ్లు మంచిగ వస్తున్నయా తమ్మీ?" అని అడిగి మళ్ళీ పనిలో పడ్డాడు. ఆయన వేళ్ళనే చూశాను. గోటితో పొట్టు చీలుస్తున్నాడు, పాయకు గాటు పడటం లేదు. వణుకన్నది ఆ చేతుల్లో పిసరంత లేదు. ఆరేళ్ళుగా ఆ చేతులు ఈ పని చేస్తున్నాయి.

చెప్పాను. సేటు రావడం, ఉస్తాద్ అనడం, లప్పం, ఆకుపచ్చ రంగు, మేకు, దవాఖానలో డ్రైవరు, ఏదీ దాచలేదు. చెప్తుంటే మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన వెల్లుల్లి వలవడం ఆపి విన్నాడు. అంతా అయ్యాక తల అడ్డంగా ఊపాడు.

"నాకు యాదికున్నది తమ్మీ. మూడో దెబ్బకు సీలు ఎడమ పక్కకు ఒరిగింది. నా వేలికి తెలిసింది. తెలిసి గూడ తియ్యలే. ఇంకో దెబ్బేస్తే సర్దుకుంటదనుకున్న. ఆరేండ్ల సంది ఆ దెబ్బ నాకు ఇనబడుతనే ఉన్నది."

అలాంటి దెబ్బ లేదు. నేను చూశాను. లేదు.

"ఉస్తాద్, నేను లైటు పట్టుకొని పక్కనే ఉన్న. ఒరగలే. నీ మీదొట్టు, ఒరగలే."

"లైటు నీ చేతుల ఉన్నది. వేలు నాది."

"డ్రైవర్ని అడుగు. అది తుమ్మలేదని ఆయనే సెప్తడు."

"ఆయన ఇంటికి నేను ఎప్పుడో పోయిన. కాళ్ళు పట్టుకున్న. పాపం, ఒక్క మాట అనలే. కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు గని, నీది తప్పు అనలే. ఆయన గూడ నీ తీర్గనే మంచోడు. నువ్వు సెప్పమంటే సెప్తడు, అంతే."

ఇంకేం చూపించను? ఉన్న ఒక్క రుజువునూ మేకుతో గీకి పారేసింది నేనే. ముక్కు తెరిచి ఉండటం ఆయన తన కళ్ళతో చూశాడు. నా అబద్ధాన్ని అంత గట్టిగా కట్టాను, ఇప్పుడు నేను లోపలి నుంచి కొట్టినా అది పగలడం లేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయాను. కాళ్ళు పట్టుకోబోయాను. ఆయన నా చేతులు రెండూ పట్టుకొని పైకి లేపాడు.

"ఇగ సాలు తమ్మీ. ముసలోని పానానికి జర సల్లగుంటదని గింత తప్పు నీ నెత్తిన ఎత్తుకుంటున్నవ్. ఎవరు జేస్తరు గిట్ల? కన్న కొడుకు గూడ చెయ్యడు" అన్నాడు. కూతుర్ని పిలిచి, "సూసినవా బిడ్డా, నేను సెప్పలే? మంచోడు" అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నా ముందు టీ పెట్టింది. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి నిమురుతూనే ఉన్నాడు.

టీ తాగి బస్సెక్కాను. నాకు నలభై ఏడేళ్ళు. నన్ను ఎవరూ ఎప్పుడూ ఇంత మాట అనలేదు.